తప్పుల్లేని చివరి అధ్యాయం

ఎంత లావు నవలనైనా నాలుగు వారాల్లో కంప్యూటర్లోకి ఎక్కించే ఆవిడను ప్రెస్సులో అందరూ టైపక్క అంటారు. యజమాని ఆమెకంటే పదేళ్లు పెద్ద. ఆయనకూ టైపక్కే. పదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ఇరవై రెండేళ్లుగా ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వేళ్లతో చదివిందే.

ఆమె పనిలో ఒక వింత ఉంది. చప్పటి రాత వస్తే కళ్లు చూస్తుంటాయి, వేళ్లు కొడుతుంటాయి, మనసు మాత్రం ఇంటికెళ్లి పొయ్యి మీద కూర చూసుకొస్తుంది. ఒక్క తప్పూ పడదు. కథ పట్టుకుందా, ఇక ఒత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు మాయమవుతాయి, తర్వాతేమవుతుందోనన్న తొందరలో ఒక్కోసారి వాక్యానికి వాక్యమే గోడ దూకుతుంది. నవల బాగుందో లేదో తేల్చడానికి పెద్దమనుషులకు సభలు కావాలి, మైకులు కావాలి. ఈ యజమాని మాత్రం మొదటి ప్రూఫులో ఎర్రగీతలు చూసి ఎన్ని ప్రతులు వేయాలో తేల్చుకునేవాడు. ఈ రహస్యం వాళ్లిద్దరికే తెలుసు.

ఆ రోజు నవలాకారుడు ప్రూఫుల కట్ట తెచ్చి బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఇది టైపా, నామీద కక్షా? 'అన్నయ్య కళ్లెర్రజేశాడు' అని రాస్తే కాళ్లెర్రజేశాడట! ఏం, మిరపకాయలు తొక్కాడా? ఈమెను మార్చండి. లేదంటే నా పుస్తకం వేరే ప్రెస్సుకి పట్టుకెళ్తా."

టైపక్కకు గుండె జారింది. ఉద్యోగం పోతుందని కాదు, యజమాని ఆమెను వదులుకోడు. ఆ పుస్తకం పోతుందని. మూడొందల పేజీలు ఆ నవలలోని సైకిల్ షాపు పిల్ల వెంటే తిరిగింది మరి. తండ్రి పోయాక షాపు అమ్మేద్దామన్న అన్నయ్యతో ఆ పిల్ల అక్కడ పోట్లాడినప్పుడల్లా ఇక్కడ ఈమె పళ్లు కొరికింది.

"పోనీ, పని రాదా అంటే అదీ కాదు," అంటూ నవలాకారుడు చివరి కాగితాలు తిప్పాడు. "ఆఖరి అధ్యాయం చూడండి, ముత్యాల్లా ఉంది. ఒక్క తప్పు లేదు!"

యజమానికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. దగ్గు కూడా నవ్వైపోయింది.

"ఎందుకండీ నవ్వుతారు?"

"చెప్పేయ్ టైపక్కా. పుస్తకం ఎలాగూ పోయేలా ఉంది."

చెప్పింది. చెబుతున్నంతసేపూ కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూనే ఉంది. నవలాకారుడి ముఖం మూడొందల పేజీల దాకా వెలిగి, ఆ తర్వాత ఆరిపోయింది.

"అంటే నా ముగింపు..."

"నిద్రొచ్చిందండీ."

"ఆ పిల్ల చచ్చిపోతే నిద్రొచ్చిందా! ఏం, అందరికీ పెళ్లిళ్లు చేసి పంపాలా?"

"చంపుకోండి, మీ పిల్ల మీ ఇష్టం. కానీ రోడ్డు దాటుతుంటే బస్సు గుద్దడమేంటండీ? ఆ బస్సుకీ మన కథకీ ఏం చుట్టరికం? అన్నాచెల్లెళ్ల గొడవ తేల్చలేక మీరే తోలుకొచ్చారు దాన్ని. నాకు ఏడుపు రాలేదు. మోసపోయినట్టనిపించింది."

నవలాకారుడు ప్రూఫుల కట్ట తన వైపు లాక్కున్నాడు. ఆఖరి పదిహేను కాగితాలు మడిచి జేబులో కుక్కుకుని, "పది రోజులు టైమివ్వండి," అనేసి వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే దిగాడు. గడ్డం మాసింది, కళ్లు లోపలికి పోయాయి, కొత్త రాతప్రతి మాత్రం నలగకుండా తెచ్చాడు. టైపక్క దాన్ని స్టాండుకు తగిలించి కొట్టడం మొదలుపెట్టింది. పరీక్షా ఫలితాల బోర్డు ముందు నిలబడ్డట్టు అతను ఆమె వెనకే నిలబడ్డాడు.

కొత్త అధ్యాయంలో, షాపు ముందు పంక్చర్ల వరుస. అన్నయ్య గాలి పోయిన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చెల్లెలి షాపే కదా అని నేరుగా అందరికంటే ముందుకెళ్లాడు. ఆ పిల్ల తలెత్తలేదు. "వరుసలో రా అన్నయ్యా," అంది.

టైపక్క వేళ్లు ఆగిపోయాయి. ఫక్కున నవ్వి, రాతప్రతిని స్టాండు మీంచి లాగి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమైంది? కొట్టరేం?"

"ఉండండి సార్, అన్నయ్య వరుసలో నిలబడతాడో లేదో చూడనివ్వండి."

లోపలి గదిలోంచి యజమాని కేకేశాడు, "టైపక్కా, ఎంతవరకొచ్చింది?"

ఆమె వినిపించుకోలేదు. నవలాకారుడే గుమ్మం దాకా పరుగెత్తి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్! ఆవిడ చదువుతున్నారండీ."