అలిపిరి మూటలా అప్పజెప్పిన జీపు

నేను ఒకసారి వెళ్ళొచ్చాక కూడా గోదావరి ప్రశాంతంగా పారుతోందంటే అది ఆ నది మంచితనం. ఒక జీపునూ, ఒక నిశ్చితార్థాన్నీ, రెండు కుటుంబాలనూ నేను ఒక్క తెలివైన ఆలోచనతో ఆ నదికి చెరో కొసన పారేసిన వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటం లేకుండా నవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు, అదీ నాకు అన్నం వడ్డిస్తూ.

తొంభైలనాటి మాట. నాకప్పుడు మీసం కొత్తగా దట్టమైంది. దాంతోపాటు బుర్ర కూడా దట్టమైందని నా నమ్మకం. చిత్తూరులో పంపుసెట్ల సామాన్ల అంగడి నడిపేవాణ్ణి. మా మామ మునిరత్నంది పాకాల. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు, పైగా నాకు పిల్లనిచ్చినవాడు. కాబట్టి నన్ను తిట్టడానికి ఆయనకు రెండు వైపుల నుంచీ హక్కుంది.

ఆయన కొడుకు మురళికి భద్రాచలంలో ఉద్యోగం. ఆఫీసులో పక్క సీటులో కూర్చునే లలిత అతనికి నచ్చింది. లలితకు అతనూ నచ్చాడు. నచ్చనిదల్లా మామకే. ఏడాదిపాటు బతిమాలితే ఆయనా దిగొచ్చాడు. తాంబూలాలు భద్రాచలంలో, పెండ్లికూతురి ఇంట్లో. ముహూర్తం సాయంత్రం. ఆ మర్నాటి నుంచి మూఢం. ఈ ముహూర్తం తప్పిందా, మళ్ళీ నెలల తరబడి ఆగాలి. ఈలోగా మామ మనసు మళ్ళీ వెనక్కి తిరిగితే మురళి గతి ఏమిటి? మమ్మల్ని వెంటబెట్టుకుని పోవడానికి సెలవు పెట్టి పాకాల వచ్చిన ఆ పిల్లవాడు, దారి పొడవునా గోళ్ళు కొరుకుతూనే వచ్చాడు.

వచ్చింది మామ కొత్త జీపులో. ఆ జీపును ఆయన తుడిచినన్ని సార్లు మా అత్త ముఖం చూసి ఉండడు. అందులో పట్టుచీర, ఉంగరం, వెండి పళ్ళెం, మా అందరి కొత్త బట్టలు, వియ్యంకుల నోరు తీపి చేయడానికి ఐరాల బెల్లం గంపలు. తాంబూలాలకు ముందురోజు పొద్దున రాజమండ్రి దాటి ఒక రేవు దగ్గర ఆగాం. ఎదురుగా గోదావరి. అంత నీళ్ళు చూసి మా అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అల్లుడా, ఇన్ని నీళ్ళు ఎవురప్పా ఇట్ల వదిలిపెట్టేసినారు?"

ఆమె తప్పేం లేదు. మా చిత్తూరులోనూ నీవా అని ఒక నది ఉంది. అందులో దిగితే కాళ్ళకు దుమ్మంటుకుంటుంది.

రేవులో లాంచీ కనబడింది. పాపికొండల మధ్యగా కూనవరం దాకా పోతుంది, అక్కడి నుంచి భద్రాచలం రోడ్డు మీద దగ్గరే. నాకు ఒళ్ళు పులకరించింది.

"మామా, కొండల్లో కుదుపులెందుకు? లాంచీలో పోదాం!"

"మనం లాంచీలో పోతే బండి?" అన్నాడు మామ.

"నేనొక డ్రైవర్ను మాట్లాడతా బావా," అన్నాడు మురళి.

"డ్రైవరెందుకురా? మీరు లాంచీలో రాండి. నేనే తోలుకొస్తా," అన్నాడు మామ.

చూశారా, ఇంతమంది ఇన్ని మంచి మాటలు చెప్పారు. వింటే నేను నేనెందుకవుతాను?

"మీకేం తెలీదు, ఊరికే ఉండండి. బండి సంగతి లాంచీవాళ్ళే సూసుకుంటారు."

నా ధీమాకు కారణం అలిపిరి. తిరుమలకు మెట్లెక్కి పోయేవాళ్ళు అలిపిరిలో మూటాముల్లె అప్పజెప్పి ఒక చీటీ పుచ్చుకుంటారు. చేతులూపుకుంటూ కొండెక్కుతారు. మూట వేరే దారిన వెళ్ళి, వాళ్ళకంటే ముందే పైన కూర్చుని ఉంటుంది. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాడికి ఇది సూర్యుడు తూర్పున పొడిచినంత సహజం. ఈ లాంచీ కూడా ఒక కొసన ఎక్కి ఇంకో కొసన దిగేదే కదా. అంతమంది బండ్లు ఇక్కడ పెట్టి ఎక్కుతున్నారంటే అవి అక్కడికి చేరకుండా ఉంటాయా?

రేవు పక్కన కొబ్బరితోటలో బండ్లు వరసగా నిలిపి ఉన్నాయి. గొడుగు కింద కుర్చీలో ఒక పెద్దమనిషి చీటీలు రాస్తున్నాడు. అచ్చం అలిపిరే! తాళాలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన చీటీ ఇచ్చాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు.

"మేమెందుకొస్తామప్పా? జీపే వస్తుంది కదా!" అన్నాను కన్ను గీటి.

ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం వేరువేరు సంగతులకు నవ్వుతున్నామని అప్పుడు తెలియలేదు.

లాంచీ కదిలింది. ఆహా! రెండు పక్కలా కొండలు మా మీదికి వంగి "ఎవరురా వీళ్ళు, నీళ్ళెరగనోళ్ళు" అని చూస్తున్నట్టున్నాయి. నేను చిన్నపిల్లవాడిలా ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు తీశాను. అత్త పులిహోర పొట్లాలు విప్పింది. నా భార్య రేవతి నీళ్ళలో చెయ్యి పెట్టి కేరింతలు కొట్టింది. మామ మాత్రం నదిని వదిలి గట్టునే చూస్తున్నాడు.

"అల్లుడా, మన బండి ఇప్పుడు యాడుంటాది?"

"ఆ కొండెనకాల వస్తా ఉంటాది మామా."

కాసేపటికి మళ్ళీ. "ఇప్పుడో?"

దూరాన అడవిలో ఏదో దుమ్ము లేచింది. ఆవుల మందో, అడవిపందో, ఆ దేవుడికే తెలియాలి.

"అదో! మనదే! యెట్ల తోల్తాడో సూడు మామా, పూలరథం మాదిరి!"

మామ లేచి నిలబడి ఆ దుమ్ముకు చెయ్యి ఊపాడు. ఇప్పటికీ ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఒక కంట నవ్వూ, ఇంకో కంట భయమూ వస్తాయి.

మధ్యాహ్నం వాలుతుండగా కూనవరంలో దిగాం. రేవులో టీకొట్టు తప్ప ఏమీ లేదు. నేను దర్జాగా టీకొట్టు ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, సామాన్లిచ్చే కౌంటరు యాడుండాది?"

"ఏం సామానండీ?"

"జీపు."

ఆయన చేతిలో గ్లాసు పక్కకు ఒరిగింది. "జీపును లాంచీ ఎక్కించారా?"

"లాంచీ యెందుకెక్కిస్తామన్నా? అవతలి రేవులో అప్పజెప్పినాం. ఇదో చీటీ."

ఆయన చీటీ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. "ఇది అక్కడ బండి పెట్టుకున్నందుకు ఇచ్చిందండీ. మీరు వెనక్కెళ్ళి చూపిస్తే ఇస్తారు. అప్పటిదాకా అది అక్కడే ఉంటుంది. ఎక్కడికెళ్తుందండీ పాపం?"

నా కాళ్ళ కింద ఇసుక కూడా నన్ను వదిలి వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"అల్లుడా, ఆయప్ప ఏమంటా ఉండాడు?" వెనకనుంచి మామ.

"బండి భద్రంగా ఉండాదంటా ఉండాడు మామా."

"యాడ?"

"పెట్టిన చోటే."

మామ కాలి చెప్పు తీశాడు. అత్త అడ్డం రాకపోయి ఉంటే నేనీ కథ చెప్పడానికి మిగిలేవాణ్ణి కాను. మురళి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. "బావా, రేపు సాయంత్రం ముహూర్తం. ఉంగరం జీపులో, చీర జీపులో. నా బతుకు కూడా దాంట్లోనే పెట్టి తాళమేసి వచ్చినావు కదా!"

పొద్దున లాంచీ ఎక్కేముందు మురళి రేవు బూత్ నుంచి ఫోను చేసి ఉన్నాడు కాబట్టి, సరిగ్గా అప్పుడే పెండ్లికూతురి నాన్న వెంకట్రావుగారు వ్యాను వేసుకుని, పూలదండలతో మాకు స్వాగతం చెప్పడానికి వచ్చారు. నది నీటికి తడిసి, పులిహోర మరకలతో నిలబడిన మా మెడల్లో దండలు పడ్డాయి. సంగతి విని ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. పెద్దమనిషి. ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టారు. నాకు తన చొక్కా ఒకటి ఇచ్చారు. నా చొక్కా మురికిగా ఉందని వాళ్ళావిడ తీసుకెళ్ళి సబ్బు నీళ్ళలో వేసింది.

తెల్లవారగానే మొదటి బస్సెక్కి నేను ఘాట్ రోడ్డు మీదుగా రాజమండ్రి వైపు బయలుదేరాను. "జీపుతో సాయంత్రానికల్లా ఈడ వాల్తా!" అని శపథం చేశాను. బస్సు ప్రతి మలుపులోనూ "చేరలేవు, చేరలేవు" అని మూలిగింది. కానీ చేరాను! మిట్టమధ్యాహ్నం గొడుగు ముందు నిలబడి జేబు తడుముకున్నాను. చీటీ లేదు. అది భద్రాచలంలో తాడు మీద ఆరుతున్న నా చొక్కా జేబులో ఉండిపోయిందని గుర్తొచ్చింది.

"చీటీ మర్చిపోయినానప్పా..." అన్నాను ఏడుపు గొంతుతో.

"చీటీ ఎందుకండీ!" అన్నాడాయన వెలిగే ముఖంతో. "జీపు దానంతటదే వస్తుందన్న బాబుగారు మీరే కదండీ? నిన్నటి నుంచీ రేవు రేవంతా మీ గురించే చెప్పుకుంటోందండీ. తీసుకెళ్ళండి."

నా తెలివితక్కువతనమే నాకు గుర్తింపు పత్రమైందన్నమాట. ఎగిరి జీపులో కూర్చున్నాను. ఘాట్ రోడ్డంతా పాటలు పాడుకుంటూ, కోతులకు టాటా చెబుతూ, బెల్లం గంపలు ఎగిరెగిరి పడుతుండగా, ముహూర్తానికి ముందే భద్రాచలంలో వెంకట్రావుగారి ఇంటి ముందు జీపు ఆపి హారన్ మోగించాను.

ఎవరూ రాలేదు. మళ్ళీ మోగించాను. తలుపుకు తాళం.

పక్కింటి లెక్కల మాస్టారు బయటికొచ్చారు. "మీరేనా జీపు అల్లుడుగారు? వాళ్ళంతా మీ కోసమే వెళ్ళారండీ."

"నా కోసమా? యాడికి?"

"మీ చొక్కా జేబులో చీటీ దొరికిందట. అది లేందే జీపు ఇవ్వరు, మీరు రాలేరు, సాయంత్రం దాటితే మూఢం అని మీ మామగారు ఒకటే కంగారు. సామాన్లున్న చోటే తాంబూలాలు పుచ్చుకుందామని వెంకట్రావుగారన్నారు. పెండ్లికూతురు, పురోహితుడు, చుట్టాలు, అందరూ పొద్దుటి లాంచీలో వెళ్ళిపోయారు."

అర్థమైందా? నేను కొండ మీద పాటలు పాడుకుంటూ జీపును ఇటు తెస్తున్నప్పుడు, వాళ్ళు కొండ కింద నది మీద ఆ జీపు కోసం అటు పోతున్నారు. అంతలో మాస్టారింట్లో ఫోను మోగింది. వెంకట్రావుగారు అవతలి రేవు బూత్ నుంచి నా సంగతి కనుక్కోవడానికి చేశారు. మాస్టారు రిసీవర్ నాకిచ్చే లోపు అవతల మామ లాక్కున్నట్టున్నాడు.

"అల్లుడా! యాడుండావు?"

"ఈడే మామా."

"ఈడంటే యాడ?"

"పెండ్లికూతురి ఇంటి ముందర. దిగులు పడద్దు మామా! జీపుండాది, చీరుండాది, ఉంగరముండాది, బెల్లం కూడా చెక్కుచెదరలేదు. పెండ్లికూతురొక్కటే లేదు."

అవతల రిసీవరు చేతులు మారింది. తర్వాత మామ గొంతు కాదు, రేవతి గొంతు వచ్చింది.

"బావా, ముహూర్తం వచ్చేసింది. నాయన తల పట్టుకోని కూసున్నాడు. మురళి సూడు, ఏడుస్తా ఉండాడు. నా వేలి ఉంగరం తీసి ఇచ్చేస్తా ఉండా."

"నేను పెట్టిన ఉంగరమేనా?"

"అదే. జీపులో ఉండే ఉంగరం ఇంక నాది. నువ్వు పెట్టిందానికంటే అదే బరువు, సూసినాలే! నువ్వు మాత్రం ఆడ నుంచి కదలద్దు. కదిలితే మనం ఈ జన్మకు కలిసేది లేదు."

కదలలేదు. ఆ కొబ్బరితోటలో, కట్టుబట్టలతో, అక్కడ దొరికిన అరటిపళ్ళూ తమలపాకులతో, మూఢానికి ముందే తాంబూలాలు మార్చుకున్నారు. మురళి ఏడుపు నవ్వుగా మారిందట. అంతా అయ్యాక మామ మళ్ళీ ఫోను చేశాడు. "బ్రహ్మాండంగా జరిగిందప్పా. ఒక్క చిక్కు లేదు, ఒక్క మాట తేడా రాలేదు. నువ్వు లేవు కదా, దానివల్ల."

ఊరికి తిరిగొచ్చాక మామ నన్ను వదిలిపెడతాడనుకున్నారా? నేరుగా కాణిపాకం తీసుకెళ్ళాడు. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసి బతికి బట్టకట్టినవాడు లేడని మా వైపు అందరికీ తెలుసు. నన్ను కోనేట్లో ముంచి, తడిబట్టలతో నిలబెట్టి, మామ చెబుతుంటే నేను గట్టిగా పలికాను: "నది యెంత పెద్దదైనా, లాంచీ యెంత సొగసైనా, ఎక్కిన చోటికే తిరిగొచ్చేదైతే తప్ప ఎక్కను. బండి ఒక దారిన, నేనొక దారిన పోను. ఏ మనిషైనా చీటీ ఇస్తే, అది దేనికో అడిగే దాకా నవ్వను."

నా వెనక ఇద్దరు అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. పొలం గట్టు తగాదాలో ఒకరి మీద ఒకరు ప్రమాణం చేయడానికి వచ్చారట. నా ప్రమాణమూ, మామ నోట దాని వెనక కథా విని వాళ్ళు మొదట నోరెళ్ళబెట్టారు, తర్వాత ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. "ఒరే, ఈయప్ప చేసిన పని ముందర మన గట్టు యెంతరా! పదరా ఇంటికి పోదాం," అంటూ ప్రమాణం మాటే మరిచి వెళ్ళిపోయారు.

ఇంత పుణ్యం మూటగట్టుకున్నా మామ మాత్రం కరగలేదు. ప్రమాణం ఇంకోసారి, మరింత గట్టిగా చెప్పించాడు.