ఉప్పు ఆపింది నేనే

ఎనభై ఆరు ప్రాంతం మాట. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో నేను ఫిట్టర్‌ని. మిల్లు వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నా భార్య సైదమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆ రోజు మిల్లుకు సెలవు. మంచం మీద పడుకుని ఉంటే కుట్టుమిషన్ చప్పుడు కాసేపు వినబడుతోంది, ఆగుతోంది, మళ్లీ వినబడుతోంది. లేచి చూస్తే ఆమె మిషన్ బల్లకు తల ఆనించి కూర్చుంది. "కాళ్లు తొక్కుతలేవయ్యా. సత్తువ లేదు" అంది. రోజుకు ఆరు జాకెట్లు కుట్టే మనిషి, ఒక్క జాకెట్టుకు నాలుగుసార్లు ఆగింది. ఎండదెబ్బ అన్నాను. గడప దాటని మనిషికి ఎండదెబ్బ ఎట్లా తగులుతుందో నాకు తట్టలేదు.

ఆమె జబ్బు కంటే ముందు నా జబ్బు చెప్పాలి. ఎవరు ఏమడిగినా జవాబు నేనే చెబుతాను. దవాఖానలో డాక్టర్ ఆమె వైపు చూసి "ఏమైతున్నదమ్మా?" అంటే, "నీరసం సార్, తిండి తినదు" అని నేనే అనేవాణ్ణి. ఆమె నోరు తెరిచి మూసుకునేది. రక్తం తక్కువుందని టానిక్ రాశారు. ఇంకొకాయన గ్యాస్ అన్నాడు. నాలుగు నెలల్లో మనిషి సగమైంది. చేతివేళ్ల కణుపులు, అరచేతి గీతలు, పెదవులు నల్లబడ్డాయి. పక్కింటక్క "ఏందే సైదమ్మా, నాకు తెల్వకుంట నాట్లకు పోతున్నవా?" అని ఎగతాళి చేసింది. అందరం నవ్వాం.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. తిన్నది నిలవదు, లేస్తే కళ్లు తిరుగుతాయి. కామెర్లు ముదిరి ఇట్లా నల్లబడుతుందని మిల్లులో ఎవరో అన్నారు. గరిడేపల్లి అవతల ఒక ఊళ్లో పసరు పోస్తారంటే తీసుకుపోయాను. ఆ పెద్దమనిషి పసరు పోసి, "నలభై రోజులు చప్పిడి పథ్యం. ఉప్పు, పులుపు, నూనె ముట్టొద్దు. ముడితే మందు వికటిస్తది" అన్నాడు.

నేను మిషన్లతో బతికేవాణ్ణి. చెప్పిన కొలత వెంట్రుకవాసి తప్పనివ్వను. ఉప్పు డబ్బా, మామిడికాయ తొక్కు జాడీ రెండూ తీసుకుపోయి మిల్లులో నా సామాన్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. వంట నేనే చేశాను. చప్పటి గంజి, చప్పటి పప్పు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చేది.

"ఒక్క ఉప్పుగల్లు పెట్టయ్యా. పాణం దానికే గుంజుతంది."

"సిన్నపిల్లవా ఏంది? నలభై రోజులు ఓర్సుకోలేవా?"

ఇరవయ్యో రోజో ఏమో, మధ్యాహ్నం ఇంటికొస్తే మంచం ఖాళీ. పెరట్లో గోడకు ఒరిగి కూర్చుని, కాగితం పొట్లంలోంచి ఉప్పుగల్లు తీసి పిల్లలు చాక్లెట్ చప్పరించినట్టు చప్పరిస్తోంది. పక్కింటక్క ఇచ్చిందట. పొట్లం గుంజుకుని అవతల పారేసి చెయ్యెత్తాను. చప్పుడు విని అక్క ఉరికొచ్చి అడ్డం నిలబడి, "కొడతవా ఏందయ్యా? గల్లు ఉప్పే గదా" అంది.

"నీకు దండం పెడత అక్కా, నువ్వు జర దూరముండు. నా సంసారం నేను సూసుకుంట."

ఆ తర్వాత సైదమ్మ ఏమీ అడగలేదు. దారికొచ్చిందనుకున్నాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నెల దాటిన తర్వాత ఒక పొద్దున లేచి నిలబడబోయి కుప్పకూలింది. ఒళ్లు చల్లబడింది. పిలిస్తే కళ్లు తెరుస్తుంది గాని నన్ను గుర్తుపట్టదు. మిల్లు గుమస్తా "సూర్యాపేటకు పో, గాడ కొత్త డాక్టరొచ్చిండు, మంచిగ సూస్తడట" అంటే ఎత్తుకుని బస్సెక్కాను. ఆమె తల నా ఒళ్లో ఉంది. దారి పొడుగునా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఇక దక్కదని తెలిసిపోయింది. ఇంటికి ఎట్లా తీసుకుపోవాలి, వాళ్లమ్మకు ఏం చెప్పాలి, అవే ఆలోచనలు. ఒక ముసలామె నాకు తాగమని నీళ్లిస్తే వాటితో సైదమ్మ పెదవులు తడిపాను.

ఆ డాక్టర్ చిన్నవాడు, మాట నిదానం. బీపీ చూశాడు. పడుకోబెట్టి చూస్తే ఎనభై, లేపి కూర్చోబెడితే మిషన్‌కే అందలేదు. అరచేతులు చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. చిగుళ్ల మీద సిరా పడ్డట్టు మచ్చలు. అవి నేను అప్పటిదాకా చూడలేదు. నేను కథ మొదలుపెట్టబోతే చేతితో ఆపాడు.

"మీరు జర బయట కూసోండి. ఆమెతోని మాట్లాడాలె."

ఆమె ఏం మాట్లాడగలదు, నోట మాటే లేదు కదా అనుకుంటూ బయట నిలబడ్డాను. కాసేపటికి పిలిచాడు. "నోటికాడ చెవి పెడితే ఒక్కో మాట అంటున్నది. ఉప్పు కావాలంటున్నదామె. దొంగతనంగ తిన్న అంటున్నది. ఎవరాపిన్రు ఉప్పు?"

"నేనే సార్. పథ్యం" అన్నాను. అప్పటికీ నా గొంతులో కొంచెం గర్వమే ఉంది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇది అడిసన్స్ డిసీజ్ కావచ్చు. కిడ్నీల పైన అడ్రినల్ అని రెండు చిన్న గ్రంథులుంటయ్. అవి పనిచెయ్యకపోతే ఒంట్ల ఉప్పు నిలవదు, మూత్రంల పోతది. ఈ నలుపు దానివల్లనే, ఆమె ఒళ్లు ఉప్పడిగింది గూడ అందుకే. రక్తం తీసి హైదరాబాద్‌కు పంపుత. గాని రిపోర్టు వచ్చేదాంక ఆగితే మనిషి ఉండదు" అని, సెలైన్ పెట్టి, హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆయన మాటలు చెవిన పడుతున్నాయి గాని నా కళ్ల ముందు పెరట్లో చెల్లాచెదరైన ఆ ఉప్పుగల్లులే ఉన్నాయి. దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రానికి ఆమె కళ్లు తేటపడ్డాయి. "ఆకలైతంది" అంది. ఎన్ని నెలలకు విన్నానో ఆ మాట.

తర్వాత హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. ఆ గ్రంథులు తయారుచేసే కార్టిజోల్ రక్తంలో దాదాపు లేదన్నారు. ఎక్స్‌రేలో గ్రంథులున్న చోట సున్నం పేరుకుంది. ఎప్పుడో లోపల టీబీ వచ్చి వాటిని తినేసిందట. టీబీ కోర్సు ఇచ్చారు. కార్టిజోల్‌కు బదులుగా ప్రెడ్నిసొలోన్ గోలీలు బతికినన్నాళ్లూ, ఉప్పు దండిగా. "ఒక్కరోజు కూడ ఆపొద్దు. జ్వరమొస్తే రెండింతలు చెయ్యాలె. వాంతులై గోలీ నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్" అని కాగితం మీద రాసిచ్చారు.

ఇక్కడితో నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఏడాదిన్నరకు ఆమె ఒళ్లు చేసింది, బుగ్గలు వచ్చాయి, మిషన్ మళ్లీ తిరిగింది. మందుల దుకాణంలో ఒకాయన "ఇవి స్టెరాయిడ్లు గదనే. ముఖం ఉబ్బింది సూడు. ఎముకలు గుల్లబారుతయ్" అన్నాడు. నాకు భయం పట్టుకుంది. డాక్టర్‌ని అడగలేదు. గోలీలు ఇచ్చేది నా చేత్తోనే కాబట్టి, ఆమెకు చెప్పకుండా సగానికి విరిచి ఇవ్వడం మొదలుపెట్టాను. "గోలీ సిన్నగున్నదేంది?" అని ఒకసారి అడిగింది. కంపెనీ మారిందన్నాను.

నెల తిరగకుండా ఆమె చెల్లెలి పెళ్లికి కోదాడ పోయాం. ముహూర్తం రోజు జ్వరం, వాంతులు. మధ్యాహ్నానికి పందిట్లోనే ఒరిగిపోయింది. మళ్లీ అదే చల్లని ఒళ్లు, అదే గుర్తుపట్టని చూపు. కోదాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చదివి, "ట్యాబ్లెట్లు సరిగ్గా వేసుకుంటున్నారా అండీ?" అంది.

"వేసుకుంటున్నది మేడమ్."

"పూర్తి డోసేనా? నిజం చెప్పండి. దాన్నిబట్టే నేను ఇంజెక్షన్ ఇవ్వాలి."

పెళ్లివాళ్లంతా చుట్టూ నిలబడి ఉన్నారు. అత్త ఉంది. "సగం ఇస్తున్న. ఆమెకు తెల్వదు" అన్నాను. అత్త నన్ను చూసిన చూపు శత్రువుకు కూడా వద్దు.

రెండు రోజులు చావుబతుకుల మధ్య ఉంది. మూడోరోజు లేచి కూర్చుంది. విషయం అప్పటికే వాళ్లమ్మ చెప్పింది. సైదమ్మ చెయ్యి చాపి "డబ్బా ఇటియ్యి" అంది. గోలీల డబ్బా ఇచ్చాను. ఆనాటి నుంచి అది నా చేతికి రాలేదు.

ఇది జరిగి పదేళ్లయింది. ఆమె గోలీలు ఆమే చూసుకుంటుంది. జ్వరమొస్తే రెండింతలు వేసుకుంటుంది, డాక్టర్ కాగితం ఎప్పుడూ సంచిలో ఉంటుంది. రోజుకు మూడు జాకెట్లు కుడుతుంది, అంతకు మించి చేతకాదు. సూర్యాపేటలో చూపించుకోవడానికి పోయినప్పుడు నేను బయట కూర్చుంటాను. జబ్బు మనిషిని దగ్గరుండి చూసుకునే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ ముందు ఆ మనిషినే మాట్లాడనివ్వండి. మీకు అంతా తెలిసినా సరే, నోరు మూసుకోండి.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. సగం గోలీల సంగతి తీసేయాలా అని అడిగాను. చేతిలో కుట్టు ఆపకుండానే చెప్పింది.

"తియ్యకు. నువ్వు నన్ను సంపుదామని చెయ్యలే, బతికిద్దామనే చేసినవ్. రెండుసార్లు సచ్చేదాన్నే. గట్ల బతికియ్యబోయేటోళ్లు ఇంటింటికి ఉంటరు. వాళ్లు సదవాలె."