కళ్ళ మేస్త్రి వదిలేసిన నరం

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కళ్ళ మేస్త్రి అంటే చాలు, మెట్ల కింది గదికి దారి చూపించేస్తారు. ప్రమాదంలోనో జబ్బులోనో కన్ను పోగొట్టుకున్నవాళ్ళకి ఆయన కృత్రిమ కన్ను చేసి పెడతాడు. అది గోళీలా గుండ్రంగా ఉంటుందని అందరూ అనుకుంటారు గాని, నిజానికి చిన్న చిప్పలా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి రెండో కన్ను చూస్తూ, సన్నని కుంచెతో నల్లగుడ్డు రంగులు అద్దాలి. తెల్లగుడ్డు మీద ఎర్ర పట్టుదారపు పోగులు నరాల్లా పరచాలి. పైన గాజులాంటి పొర పోయాలి. ఆ పనిలో ఆయనకి సాటి వచ్చేవాడు ఇంకా పుట్టలేదనేవాళ్ళు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

అంత మంచి చెయ్యే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. మొదట్లో చేసిన కన్నుని ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. పోనుపోను పొర అరగదీసేసి మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టేవాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమని మనం వేళాకోళంగా అంటాం, ఈయన భూతద్దం పెట్టుకుని మరీ పీకాడు. "రేపు రండి" అనే మాట నమ్మి తిరిగినవాళ్ళ చెప్పులు అరిగిపోయాయి. నల్లకళ్ళద్దాలతో వచ్చినవాళ్ళు నల్లకళ్ళద్దాలతోనే తిరిగి వెళ్ళారు. చివరికి ఆ గదిలోంచి ఒక్క కన్నూ బయటికి పోని రోజులొచ్చాయి. ఆయనకి తిండి సయించేది కాదు, పడుకుంటే నిద్ర పట్టేది కాదు. ఒక సాయంత్రం గోడకేసి తిరిగి కూర్చుని, "నాలాంటివాడు ఉంటే ఎంత, పోతే ఎంత" అన్నాడు. మర్నాడు పొద్దున్నే భార్య చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

వాళ్ళు వెళ్ళింది ఒక మానసిక నిపుణురాలి దగ్గరికి. దేనిలోనూ లోటు ఉండకూడదనే పట్టుదల మనిషి మనసుని ఏం చేస్తుందన్నదే ఆవిడ పరిశోధన.

"పని బాగా చేయాలనుకోవడం కూడా జబ్బేనా అమ్మా?" అన్నాడు మేస్త్రి, కాస్త పౌరుషంగానే.

"కాదండీ. దానితో మాకు పేచీ లేదు. ఒక్క తప్పు జరిగిందనుకోండి, మీ గురించి మీరేమనుకుంటారు?"

"ఎందుకూ పనికిరానివాణ్ణని."

"అదిగో, చిక్కంతా అక్కడుంది. మేం ఎంతోమందిని అడిగి చూశాం. గొప్పగా చేయాలనుకున్నవాళ్ళందరూ జబ్బు పడరు. తప్పు జరిగితే తమని తాము కాల్చుకు తింటూ, దాన్ని ఎవరికీ కనపడకుండా దాచుకునేవాళ్ళకే దిగులూ ఆందోళనా ఎక్కువ. సాయం అడగడం కూడా తప్పే అనుకుని, అందరికంటే ఆఖర్న వస్తారు."

"ఈయన ఆఖర్న కూడా రాలేదండీ, నేను లాక్కొచ్చాను" అంది భార్య.

నిపుణురాలు వారం వారం రమ్మంది. ఇంటిదగ్గర రోజుకో తప్పు కావాలని చేసి, ఏమవుతుందో చూడమంది. మన మేస్త్రి చేశాడు. చొక్కా బొత్తాలు పైనుంచి కిందిదాకా వరస తప్పకుండా ఒక్కో కాజా కిందికి పెట్టాడు. టీలో చక్కెరకి బదులు ఉప్పు వేశాడు, అదీ చెంచా అంచుకి సమంగా వేలితో సర్ది మరీ. విని నిపుణురాలు పడీపడీ నవ్వింది.

"మీరు తప్పుల్ని కూడా కొలత పెట్టి చేస్తున్నారు! ఇవి చెల్లవు. మీకు నిజంగా నొప్పి పుట్టించే తప్పు ఒకటి దిద్దకుండా వదిలేయండి. ఫలానాది తప్పని నోరు తెరిచి చెప్పండి కూడా."

అదెంత పని అనుకునేవాళ్ళకి ఆయన సంగతి తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక బస్సు కండక్టరమ్మ గదిలో కూర్చుని ఉంది. బస్సు కిటికీ అద్దం పగిలి ఆవిడ ఎడమ కన్ను పోయింది. నల్లద్దాలతో డ్యూటీ కుదరదన్నారు డిపోలో. "రేపు చేరకపోతే నా చోట్లో ఇంకొకళ్ళని వేస్తారట అన్నయ్యగారూ" అంది. మేస్త్రి కన్ను అమర్చి, వెనక్కి జరిగి చూశాడు. ముక్కు వైపు మూలలో ఒక నరం. కిందికి వాలాల్సింది పైకి పోయింది. ఆయన చెయ్యి దానంతటదే అరగదీసే యంత్రం మీదికి వెళ్ళింది. "రేపు..." అని నోట్లోంచి వచ్చేసింది కూడా. కండక్టరమ్మ మొహం వాడిపోయింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇందులో ఒక నరం తప్పుగా పడింది. నా చేతి తప్పే. నీకు అభ్యంతరం లేకపోతే దీన్ని నేను దిద్దను."

ఆ నాలుగు ముక్కలు అనడానికి ఎంత ధైర్యం కావాలో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే భార్య టీ గ్లాసులతో లోపలికొచ్చింది. ఆవిడ ఈ అమ్మాయిని ఇదివరకు చూడలేదు. ఏ కన్ను పోయిందో ఎవరూ చెప్పలేదు. తన మొగుడు తన తప్పు తానే చెప్పుకోవడం విని ఆవిడకి కాళ్ళు నేల మీద ఆగలేదు.

"ఏదీ, నన్ను చూడనివ్వండి" అని గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయి మొహంలోకి వంగింది. అటూ ఇటూ చూసి, కుడికంటి దగ్గర వేలు పెట్టింది. "ఇదేనా? నిజమేనండోయ్, వంకరగా ఉంది. రంగు కూడా కాస్త ఎక్కువైంది."

కండక్టరమ్మ ఫక్కున నవ్వింది. "అది మా అమ్మ చేసింది వదినగారూ!"

ముగ్గురూ నవ్వారు. మేస్త్రికైతే నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. కాసేపటికి నవ్వు ఆగాక, అలవాటు చావక మళ్ళీ ఎడమకంటి మూలకేసి చూశాడు. నరం తప్పే. ఆ విషయంలో ఆయన అభిప్రాయం వీసమెత్తు మారలేదు.

"వెళ్ళిరామ్మా" అన్నాడు. తనే లేచి వెళ్ళి తలుపు తీశాడు.