రోజుకు మూడు ఇళ్ళు

మార్చి రెండో సోమవారం ఉదయం ఆరూ నలభై విమానానికి డల్లెస్‌లో ఎక్కాను. వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి ఆ విమానాశ్రయం పావుగంట దూరం. వెళ్ళాల్సింది సౌత్ డకోటాలో, అమెరికా ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ అనే ప్రాంతాల్లో ఒకదానిలో ఉన్న చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళను నేను ఇప్పటికే చాలినంత ఇబ్బంది పెట్టాను.

నేను ఒక కన్సల్టింగ్ కంపెనీలో పని చేస్తాను. ఏ ఆసుపత్రికి ఎంతమంది సిబ్బంది కావాలి, ఖర్చు ఎక్కడ తగ్గుతుంది అని లెక్క కట్టడం నా ఉద్యోగం. రెండేళ్ళ క్రితం ఈ ఆసుపత్రికి ప్లాన్ రాసింది నేనే. ఇళ్ళకు వెళ్ళి షుగర్ రోగులనూ ముసలివాళ్ళనూ చూసే ఆరోగ్య కార్యకర్తలు అక్కడ నలుగురు ఉండేవారు. ఒక్కొక్కరు రోజుకు మూడు ఇళ్ళకు మించి చూడడం లేదని రికార్డుల్లో కనిపించింది. నేను లెక్క కట్టిన మిగతా చోట్ల ఎనిమిది. 'పనితీరు తక్కువ' అని రాసి, ఒకరిని ఉంచితే చాలు, మిగతా రోగులతో ఫోన్‌లో మాట్లాడవచ్చు అని సిఫారసు చేశాను. అలాగే జరిగింది. ఆ ఊరు నేను చూడలేదు, చూడాలని తోచనూ లేదు. ఇప్పుడైనా నా అంతట నేను బయలుదేరలేదు. "ట్రావెల్ బడ్జెట్ మిగిలిపోయింది, ఒకసారి వెళ్ళి రివ్యూ చేసి రండి" అని మా మేనేజర్ ప్రసాద్ గారు పంపారు.

మినియాపోలిస్‌లో విమానం మారి, పదకొండింటికి ర్యాపిడ్ సిటీలో దిగాను. అక్కడి నుంచి రిజర్వేషన్‌కు మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక వ్యాన్ ఉంది. ఆరు డాలర్లు, డ్రైవర్‌కే ఇవ్వాలి, చిల్లర ఉంచుకోండి. రెండున్నర గంటల దారిలో తినడానికి ఏమీ దొరకదు. గంట తరవాత ఫోన్ సిగ్నల్ పోతుంది. బయట ఎండిన గడ్డి మైదానాలు, గుంటల్లో మురికిపట్టిన మంచు.

పక్క సీట్లో డెబ్బై దాటిన ఒకావిడ డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళుతోంది. "పొద్దున నాలుగింటికి లేచాను" అంది. "ఇంటి దగ్గర దిగబెట్టడానికి ఇదివరకు ఆసుపత్రి అమ్మాయి వచ్చేది. ఇప్పుడు రోడ్డు మీద దిగి నడుస్తాను. మీరు ఏం పని మీద వచ్చారు?"

"ఆసుపత్రి చూడ్డానికి" అన్నాను.

"మంచిది. చూసేవాళ్ళు ఎవరూ రారు" అంది.

మూడున్నరకు ఆసుపత్రి చేరాను. నా పేరు విని ఒక కుర్ర డాక్టర్ లోపలి నుంచి దాదాపు పరుగున వచ్చాడు. పేరు శ్రీకర్, వరంగల్ వాడు. వీసా కోసం డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పని చేయాలన్న షరతు మీద ఇక్కడ చేరాడు.

"ఆంటీ, ఇక్కడ ఎదురుంగ నిలబడి తెలుగు మాట్లాడి ఏడాదిన్నర అయితుంది. మోటెల్‌ల ఏం తింటరు? రాత్రికి మా ఇంట్ల తిందురు, రండి."

ఏడింటికి వెళ్ళాను. ఆసుపత్రి వెనకాలే క్వార్టర్స్. టమాటా పప్పు, పచ్చిపులుసు చేశాడు. పప్పు వడ్డిస్తూ రేమండ్ అనే రోగి గురించి చెప్పాడు. షుగర్ వల్ల కాళ్ళకు స్పర్శ పోయిన మనిషి. వారం వారం కార్యకర్త వెళ్ళి పాదాలు చూసేది. ముగ్గురిని తీసేశాక అతని వంతు నెలకు ఒకసారి వచ్చేది. అతని ఇంట్లో ఫోన్ పని చేయదు. పాదం కింద పుండు ఎవరూ చూడలేదు. మోకాలి కింద నుంచి కాలు తీసేయాల్సి వచ్చింది.

"ఎవడో వర్జీనియాల కూసోని ఎక్సెల్‌ల రాసిండు ఆంటీ. ఈ రోడ్లు ఒక్కసారన్న చూసిండా వాడు? దొరికితే రేమండ్ ముంగట నిలబెడ్దును" అన్నాడు. "మీరు మంచిగ రిపోర్ట్ రాయుండ్రి. ఇంకొంచెం పప్పు ఏస్తా?"

వేయించుకున్నాను. ఆ ఎక్సెల్ నాదేనని చెప్పలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని తల ఊపాను. ఆ ఊపడం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మంగళవారం ఎనిమిదింటికి, మిగిలిన ఒక్క కార్యకర్త డార్లీన్ తన ట్రక్కులో నన్ను ఎక్కించుకుంది. నలభై ఏళ్ళ స్థానిక మహిళ. మొదటి ఇంటికి నలభై మైళ్ళు, అందులో పదకొండు మట్టిరోడ్డు. మంచు కరిగి చక్రాలు బురదలో కూరుకుపోతుంటే రెండుసార్లు దిగి రాళ్ళు వేశాం. ఆ ఇంట్లో ముసలావిడకు ఇన్సులిన్ చూసి, మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్ది, నీళ్ళ క్యాన్లు లోపలికి మోసి, పొయ్యిలోకి కట్టెలు తెచ్చిపెట్టింది. ఫారంలో మాత్రం 'ఒక విజిట్' అని రాసింది. రెండో ఇల్లు మరో ముప్పై మైళ్ళు. రేమండ్ ఇంటికి చేరేసరికి రెండు దాటింది.

"ఇదే చివరిది" అంది డార్లీన్ బ్రేక్ వేస్తూ. "తిరిగి వెళ్ళేసరికి ఐదవుతుంది. రోజుకు మూడు. మేం సోమరిపోతులమని ఎవరో రాశారట. ఉద్యోగం పోయినవాళ్ళలో మా వదిన ఒకతె."

నేను గడియారం చూసుకున్నాను. నా పట్టికలో దూరానికి గడి లేదు.

రేమండ్‌కు అరవై ఉంటాయి. చక్రాల కుర్చీలో తిరుగుతూ తనే కాఫీ కలిపి ఇచ్చాడు. డార్లీన్ అతని రెండో పాదం వేళ్ళ సందుల్లో టార్చి వేసి చూస్తుంటే, ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆ ప్లాన్ రాసింది నేనే. ఖర్చు తగ్గించడానికి రాశాను. లెక్క తప్పింది. క్షమించండి."

డార్లీన్ తల ఎత్తలేదు. టార్చి మాత్రం కదలకుండా ఆగిపోయింది.

రేమండ్ తన కప్పు పక్కన పెట్టాడు. "ఏ దేశం మీది?"

"ఇండియా."

"మా తాతలు భూమి వదులుకుంటూ ప్రభుత్వంతో ఒప్పందం రాయించుకున్నారు. ఆ భూమికి బదులుగా రావాల్సిన వాటిలో ఈ ఆసుపత్రి ఒకటి. దాన్ని ఖర్చు అని నీకు ఎవరు చెప్పారు?"

లండన్‌లో కూర్చుని మన జిల్లాల సంగతి తేల్చిన దొరల మీద స్కూల్లో కోపంగా వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

"క్షమించమంటున్నావు. నీ బరువు దించుకోవడానికైతే ఇక్కడ దించకు" అన్నాడు. "కాఫీ చల్లారుతోంది, తాగు."

తిరుగు దారి డెబ్బై మైళ్ళు. డార్లీన్ ఆసుపత్రి ముందు ట్రక్కు ఆపి, "ఫారంలో ఇవాళ ఎన్ని విజిట్లు రాయమంటారు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం శ్రీకర్‌కూ చెప్పాను. వార్డులో పని ఉందని వెళ్ళిపోయాడు. బుధవారం ఉదయం ఏడింటికి నన్ను వ్యాన్ దగ్గర దింపడానికి మాత్రం వచ్చాడు.

"మొన్ననే చెప్తే గూడ అన్నం పెట్టేటోన్ని ఆంటీ" అన్నాడు కిందికి చూస్తూ. "మీరేందో తెల్వక తల్లి లెక్క అనుకుని అన్నీ చెప్పుకున్న. గదే బాధైతుంది."

మినియాపోలిస్‌లో రెండు గంటల ఖాళీ. గేట్ దగ్గర కూర్చుని రిపోర్ట్ రాశాను. మొదటి వాక్యం: 'ఈ సిబ్బంది ప్రణాళిక నేను తయారు చేశాను. ఇది తప్పు. ముగ్గురినీ తిరిగి తీసుకోవాలి.' ప్రసాద్ గారికి పంపితే ఐదు నిమిషాల్లో ఫోన్ చేశారు.

"మన తప్పని మనమే రాసి ఇస్తే కాంట్రాక్ట్ రెన్యూ చేస్తారామ్మా? కొంచెం సాఫ్ట్‌గా, చివర్లో ఒక పేరాలో పెట్టండి."

"చివరి పేరాలు ఎవరూ చదవరు సర్. నేనూ చదవను" అని, ఆయన లైన్‌లో ఉండగానే రిపోర్ట్ నేరుగా ఆసుపత్రి అధికారులకు పంపేశాను. ధైర్యమని అనుకోకండి. అప్పటికి ఎవరి ముఖమూ చూడలేని స్థితిలో ఉన్నాను, అంతే.

ఆ తరవాత నాలుగు నెలలకు ఒక పోస్టు తిరిగి ఇచ్చారు. రెండు రాలేదు. డార్లీన్ వదిన అప్పటికే పిల్లలతో వేరే ఊరు వెళ్ళిపోయిందని శ్రీకర్ మెసేజ్ పెట్టాడు. ఆంటీ అని రాయలేదు, మేడమ్ అని రాశాడు. ప్రసాద్ గారు నన్ను వేరే విభాగానికి మార్చారు.

ఆ బుధవారం సాయంత్రం విమానం డల్లెస్ మీదికి దిగుతుంటే, కిటికీలోంచి ఆష్‌బర్న్ డేటా సెంటర్ల తెల్లటి కప్పులు వరసగా కనిపించాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలోని ఎన్నో ఊళ్ళ ఆసుపత్రుల్లో ఎంతమంది ఉండాలో తేల్చాను. కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకున్నాను. వాటిలో నేను కాలు పెట్టిన ఊరు ఈ ఒక్కటే.