విప్పిన దారం

నన్ను గుర్తుపట్టడం మానేశాక కూడా మా అక్క లేసు అల్లడం మానలేదు.

మాది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ ఆడవాళ్ళు ఇంటిపని అయ్యాక కూర్చుని సన్నని తెల్లదారంతో లేసు అల్లుతారు. కొనలో చిన్న కొక్కెం ఉన్న సూది, దారం ఉండ, అంతకు మించి సరంజామా ఏమీ ఉండదు. అక్క ఎనిమిదో ఏట సూది పట్టింది. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకి పదిహేను. నన్ను పెంచింది అక్కే. నాకు అన్నం పెట్టి, పక్కన కూర్చుని అల్లుకునేది. బావగారు పోయాక, పిల్లలు లేరు గనక, రాజమండ్రిలో మా ఇంటికి వచ్చేసింది. డెబ్బై దాటాక మరపు మొదలైంది. మొదట వారాలు, తర్వాత వంటిల్లు ఎటువైపో, ఆ తర్వాత మనుషులు. చివరికి మాటలు కూడా బాగా తగ్గిపోయాయి.

మనుషులు గుర్తులేకపోయినా చేతికి వచ్చిన పని చాలాకాలం నిలుస్తుందని, దారం ఇస్తూ ఉండమని డాక్టరు చెప్పారు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మెదడు గురించి చదివిన పుస్తకాల్లో అదే మాట ఉంది. తెలియడం వేరు, చేయడం వేరు. చేతుల జ్ఞాపకం మెదడులో మరోచోట, మరింత పాత భాగాల్లో ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు. దాన్నుంచి నేను తీసుకున్న అర్థమే తప్పు. అల్లుతున్నవి చేతులే, లోపల అక్క లేదు అనుకున్నాను.

వానాకాలంలో ఒకసారి దారం అయిపోయింది. నరసాపురం నుంచి బస్సులో పంపే కొట్టు అతను వానలవల్ల పంపలేకపోయాడు. ఇక్కడ బజారులో దొరికింది లావు దారం, అక్క దాన్ని విసిరేసింది. మధ్యాహ్నానికి చీర అంచులోంచి పోగులు లాగడం మొదలుపెట్టింది. ఒక వేలికొస చిట్లి నెత్తురు వచ్చింది. భోజనం తర్వాత ఆమె నిద్రపోగానే ముందురోజు అల్లిన ముక్క తీసుకుని కొన పట్టి లాగాను. లేసు అల్లికలో ముడులు ఉండవు. కొన దొరికితే మొత్తం వచ్చేస్తుంది. రోజంతా అల్లింది పది నిమిషాల్లో దారమైంది. ఉండ చుట్టి బుట్టలో పెట్టాను. అక్క లేచి సూది అందుకుంది. ఆ సాయంత్రం నాకు తృప్తిగా అనిపించిన మాట నిజం.

రెండు రోజుల్లో కొత్త దారం వచ్చింది. నేను మాత్రం విప్పడం మానలేదు. బీరువాలో రెండు అరలు లేసుతో నిండిపోయాయి, ఎవరికీ అక్కర్లేదు, ఆమెకి కావలసింది పనే గాని ముక్క కాదు, అనుకున్నాను. ఈ కారణాలేవీ మొదటిరోజు నా మనసులో లేవు. పని అలవాటయ్యాకే ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. వదినగారికి తెలుస్తుందేమోనని నా భార్య రెండు మూడుసార్లు అంది. తెలిసే భాగం పోయిందని పుస్తకం తెరిచి చూపించాను.

"ఇది రాసినాయన వదినగారిని చూసి రాశాడాండీ?" అంది.

నవ్వి ఊరుకున్నాను. అలా అయిదు నెలలు గడిచాయి.

ఒకరోజు పొద్దున్న అక్క ఉండలోంచి దారం లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చి చూసింది. విప్పిన దారం తిన్నగా ఉండదు, మెలికలు మిగిలిపోతాయి. అది నేనూ గమనించాను గాని ఆమె వేళ్ళు గమనిస్తాయని అనుకోలేదు. సూది ఒళ్ళో పెట్టింది. పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్న నా వైపు వంగి, పొరుగువాళ్ళతో మాట్లాడినట్టు గొంతు తగ్గించింది.

"ఏవండీ, మిమ్మల్నే. ఇది కొత్తదారం కాదండి. నేనల్లింది ఎవరో విప్పేస్తన్నారు."

నేను పేపరు మడిచాను.

"మా తమ్ముడికి చెబుతారా? చదువుకున్నోడండి. వాడొచ్చి అడిగితే మానేస్తారు."

"చెబుతానండి," అన్నాను.

అక్కని నేను అండీ అనడం అదే మొదలు.

అదేరోజు నాలుగు పెట్టెల కొత్తదారం తెప్పించాను. ప్రతి ఉండా వేళ్ళతో పరీక్షించి గాని మొదలుపెట్టేది కాదు. అల్లిక కిందపెట్టడం మానేసింది. పడుకున్నప్పుడు చెంప కింద పెట్టుకునేది. నేను దగ్గరికి వెళితే అరచేయి కప్పేది. నాలుగు కుట్లు వేసి ఆగి, ఏమైనా తగ్గిందేమోనని మొదటినుంచి తడిమి చూసుకునేది. రోజుకొకసారి తమ్ముడికి చెప్పారా అని అడిగేది. చెప్పానండి, కనుక్కుంటానన్నాడు, అనేవాణ్ణి.

ఆ తమ్ముణ్ణి నేనేనని చెప్పి క్షమించమని అడగమంది నా భార్య. నేను అడగలేదు. ఒకవేళ నమ్మితే, ఎవరొచ్చి ఆపుతాడని ఆమె ఎదురుచూస్తోందో వాడే చేశాడని తెలుస్తుంది. అప్పుడు ఇక ఎవరికి చెప్పుకుంటుంది? ఇలా ఆలోచించే ఊరుకున్నాను. ఇది ఆమె కోసం చేసిన ఆలోచనో, విప్పడానికి కారణాలు వెతుక్కున్నట్టే దీనికీ ఒకటి వెతుక్కున్నానో, ఇప్పటికీ నాకు తేలలేదు.

చలికాలం చివర్లో అక్కకి జలుబు చేసి ఊపిరితిత్తుల్లోకి దిగింది. సూది పట్టుకునే ఓపిక పోయింది. అయినా తమ్ముడి సంగతి అడిగింది. రోజూ చెప్పే అబద్ధం ఆరోజు నోట రాలేదు. ఇంకొకటి చెప్పాను.

"వస్తున్నాడండి. కొవ్వూరు దాటాడు."

"అన్నం వండారా? వాడు ఆకలికి ఆగలేడండి."

వండామని నా భార్య చెప్పింది. అక్క దిండు ఎత్తుగా పెట్టించుకుని గుమ్మం వైపు తిరిగింది.

తర్వాత నాలుగు రోజులు బతికింది. మందు తీసుకుని, పాలు తీసుకుని ఆ గుమ్మంలోంచి నేను లోపలికి వచ్చిన ప్రతిసారీ, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తల పక్కకి వంచి చూసేది.