కొర్రగడ్డి మీద లెక్క

నా చిన్నప్పుడు, అంటే తొమ్మిదో తరగతిలో, చలన సమీకరణాలంటే నాకు కడుపునొప్పి వచ్చేది. వేగం, త్వరణం, దూరం కలిసిన సూత్రం అప్పజెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. అందులోంచి దూరాన్ని ఒక్కదాన్ని విడదీసి ఒక పక్కకు తెమ్మంటే మాత్రం ప్రతిసారీ తప్పు చేసేదాన్ని. ఇంటర్ చదివే పక్కింటి అక్క సాయంత్రాలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని నేర్పేది. "ఈ పక్క గుణిస్తాండేది ఆ పక్కకు పోతే భాగిస్తాది. ఇంట్లో సామాను జరిపినట్టే పాపా, ఏడుపెందుకు?" అనేది.

ఆ ఏడు కొర్రలు బాగా పండాయి. మా వైపు గడ్డితో సహా కంకులు కోసి తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి. మా అవ్వకు అది ఇష్టం లేదు. "కళ్లం ఉండంగ రోడ్డెందుకురా?" అని మా నాయనతో పోట్లాడింది. నాయన వినలేదు. పరిచాక ఏం చేస్తుంది, పొద్దున్నే తనే పోయి కంకులు తిరగేస్తూ ఉంది. పాలవ్యాన్ వచ్చి కొట్టింది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అవ్వ మీద దుప్పటి కప్పేశారు. వ్యాన్ నడిపే మామను కరెంటు స్తంభానికి కట్టేశారు. రోజూ మా వీధికి వచ్చే మనిషే. మూతి పగిలి నెత్తురు కారుతోంది. "బ్రేకు తొక్కినానప్పా, నిలబడలే" అని అదొక్కటే మాట అంటున్నాడు. కొర్రగడ్డిని చీల్చుకుంటూ చక్రాలు జారిన చాళ్లు పొడవుగా కనబడుతున్నాయి.

"చూడండప్పా! ఆడ్నుంచి ఈడిదాకా జారినాడంటే ఎంత స్పీడు మీద వచ్చినాడో!" నాయన చేతిలో గుంజ ఉంది. అందరూ అవునన్నారు. నేనూ అవుననే అనుకున్నాను. ఆ గుంజ లేస్తే మామ బతకడని తెలిసీ ఎవరూ అడ్డం పోలేదు.

అప్పుడు అక్క జనాన్ని తోసుకుని వచ్చింది. సుద్దరాయి ముక్కతో ఉత్త తారు మీద మా సూత్రం రాసి, రాయి నా చేతిలో పెట్టింది. "బండి నిలబడింది, కడాకు వేగం సున్నా. దూరాన్ని విడదీయి." అవ్వ అక్కడ పడి ఉంటే ఇదేం పిచ్చి అనుకున్నాను. అయినా అక్క కళ్లు చూసి భయపడి ఒక్కొక్కటీ జరిపాను. తప్పు రాకపోవడం అదే మొదటిసారి. దూరం ఒక పక్క మిగిలింది. రెండో పక్క పైన వేగం, కింద బ్రేకు పట్టు.

"చిన్నాయనా, స్పీడు ఎక్కువైతేనే కాదు, కింద పట్టు తక్కువైనా దూరం పెరుగుతాది. ఈ చాళ్లు మన గడ్డిలోనే మొదలైనాయి సూడు" అని అక్క మా నాయనతో అంది.

"మా యమ్మ ఆడ పడుంటే నాకు లెక్కలు చెప్తాండావామ్మే!" నాయన గుంజ ఎత్తి మామ మీదికి ఉరికాడు. గడ్డి మీద కాలు జారి అక్కడే కూలబడ్డాడు. గుంజ దొర్లిపోయింది. లేపబోతే మా చేతులు విదిలించాడు. కూర్చున్నచోటే గుప్పెడు గడ్డి తీసుకుని నలిపాడు. తర్వాత దుప్పటి వైపు తిరిగి, "పరిచింది నేనే గదమ్మా" అన్నాడు.

మామ కట్లు నాయనే విప్పాడు. సాయంత్రం పాడెకు ఒక భుజం పట్టమని అతన్ని పిలిచాడు. మామ ఏడుస్తూనే వచ్చాడు. అతను ఎంత వేగంగా వచ్చాడో ఆ చాళ్లను బట్టి చెప్పలేమని అక్క తర్వాత నాతో అంది. నాయన మళ్లీ ఎప్పుడూ కొర్ర పెట్టలేదు. ఇంట్లో కొర్రన్నం వండితే లేచి వెళ్లిపోయేవాడు.

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. సూత్రాలన్నీ మరిచిపోయాను, ఆ ఒక్కటి తప్ప. ఎవరైనా ఒకరి తప్పును వేలు పెట్టి చూపిస్తే నేను వెంటనే అవునని అనలేను, కింద ఏముందోనని వెతుక్కుంటాను. ఇప్పుడు ఆత్మకూరు దగ్గర మా అత్తగారి ఊళ్లోనూ రోడ్డు మీదే పంట పరుస్తారు. ఆటోలో పోతూ అది కనబడితే ఆపించి దిగుతాను. "ఊరి గడ్డి అంతా నీ మీదే పడిందా ఏమే?" అని మా అత్త కసురుతుంది. నేను నల్లటి తారు కనబడేదాకా కాలితో గడ్డిని పక్కకు తోస్తాను.