ఫిన్లాండ్‌లో గోడ మీది దుప్పటి, కదిరి దగ్గర మగ్గం మీది కంబళి

హెల్సింకీలో ఒక మ్యూజియం గోడకు వేలాడుతున్న ఉన్ని దుప్పటిని చూసినప్పటి నుంచీ కదిరి వెళ్లాలన్న పట్టుదల మొదలైంది నాకు. దాన్ని అక్కడ రుయ్యు అంటారు. ఒకప్పుడు జాలర్లు చలికి పడవల్లో కప్పుకునేవారట, పెళ్లిలో వధూవరులు దాని మీదే నిలబడేవారట. తర్వాతి డిజైనర్లు రంగులు మార్చి, కొత్త నమూనాలు గీసి దాన్ని ప్రపంచం మెచ్చే కళగా చేశారు. మన కదిరి వైపు గొర్రెలు కాసే కురుబల నల్ల కంబళి కూడా పెళ్లికి పరిచేదే కదా, దాన్నెందుకు గోడకెక్కించలేం అనుకున్నాను. హైదరాబాద్‌లో వస్త్ర డిజైన్ పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాత్రం పొగరుంది.

అనంతపురంలో పొద్దున్నే బస్సెక్కితే పదిన్నరకల్లా కదిరి. అక్కడి నుంచి కంబళ్లు నేసే ఊరికి ఆటో రానూపోనూ ఆరువందలు. దారి పొడవునా వేరుశనగ పూతకు రాకముందే ఎండిపోయింది. వాన ఎప్పుడు పడిందని ఆటో ఖాదర్‌ని అడిగితే, గుర్తు లేదని పాటలు పెట్టుకున్నాడు.

ఆ ఊళ్లో ఇప్పుడు కంబళి నేసేది ఓబులప్ప ఒక్కడే. డెబ్బై దాటాయి. ఫోన్‌లో రుయ్యు ఫొటో, నేను గీసుకెళ్లిన ఎర్రపూల నమూనా చూపించి, ఇలా ఒకటి నేసిపెట్టమన్నాను. నమూనా పక్కన పెట్టి ఫొటోనే చాలాసేపు చూశాడు.

“ఆడుండే గొర్రెలు ఏం మేస్తాయి మ్మా?”

పచ్చగడ్డి అన్నాను. అనకుండా ఉండాల్సింది. నల్ల గొర్రెలు దాదాపు అన్నీ అమ్ముడుపోయాయని, మాంసానికి పెంచే ఉన్నిలేని గొర్రెలే మిగిలాయని ఆయన భార్య గంగమ్మ చెప్పింది. ఉన్న నాలుగు నల్లవాటికి ఉన్ని కత్తిరించాలన్నా ముందు చెరువులో కడగాలి. చెరువులో చుక్క లేదు. కడగకుండా కత్తిరిస్తే ఉన్ని నిండా ఇసుకే, వడికితే దారం తెగిపోతోంది.

మగ్గం మీద కంబళి సగంలో ఆగిపోయి ఉంది. వచ్చే నెల వాళ్ల మనవడి పెళ్లి. ఆ జంట కూర్చోవడానికి ఇంటి మగ్గం మీద నేసిన కంబళే పరచాలి, కొనుక్కొచ్చింది పనికిరాదు. మరేం చేస్తారని అడిగాను. గంగమ్మే జవాబిచ్చింది.

“ఉండేకాడికి కోసేస్తాము. ఇద్దురూ దగ్గరగా కూర్చుంటే సరిపోతాది.”

తిరుగు దారిలో ఏడుపొచ్చింది. ఫిన్లాండ్ వాళ్ల దుప్పటి గోడెక్కే ముందు అక్కడి గొర్రెకు గడ్డి ఉంది, కడగడానికి నీళ్లున్నాయి. ఇక్కడ నేనేం గీసినా ఒరిగేదేమీ లేదు. కదిరిలో దిగి ఉన్ని వ్యాపారులను వాకబు చేశాను, నల్ల ఉన్ని తేవడం మానేసి చాలా కాలమైందన్నారు. ఇది చదివి మీరూ ఆ ఊరు వెళ్లేటట్టయితే చీకటి పడకముందే తిరిగి కదిరి చేరుకోండి, తర్వాత బస్సులు తక్కువ. నమూనాలేవీ పట్టుకెళ్లకండి. కడిగిన నల్ల ఉన్ని ఆ పెళ్లిలోపు మీకెక్కడైనా దొరికితే మాత్రం ఒక మూట తీసుకెళ్లండి, ఆ మగ్గం మీద ఇంకా సగం మిగిలే ఉంది.